నాయన ఫైళ్లు ఎక్కడికీ పోలేదు

ప్రశ్న: అన్నా, కడపలో ఏడు రోడ్ల దగ్గర మాకు చిన్న జిరాక్స్, డీటీపీ అంగడి ఉంది. 2003 నుంచి మా నాయన నడిపినాడు. కంటి ఆపరేషన్ అయినాక రెండేండ్లుగా నేనే చూసుకుంటున్నా. అంగట్లో రెండు సిస్టంలు. ఒకటి విండోస్ 7, అది అట్లే ఉంది. రెండోదాంట్లో విండోస్ 10 ఉండేది. దానికి ఇంక అప్‌డేట్లు రావని, తెలిసిన పిల్లోడొకడు ఆరు రోజుల కింద పెన్‌డ్రైవ్‌తో వచ్చి విండోస్ 11 వేసిపోయినాడు. ఫార్మాట్ కొట్టలేదు, ఏమీ పోదు అన్నాడు. ఇప్పుడు చూస్తే డెస్క్‌టాప్ ఖాళీ. సీ డ్రైవ్ ఎర్రగా నిండిపోయింది. డీ డ్రైవ్‌లో ఫైళ్లున్నాయి గానీ వర్డ్ ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు. ఆ డీ డ్రైవ్ సంగతి చెప్పుకుంటే సిగ్గు. 'పాత సిస్టం', దాంట్లో మళ్లీ 'పాత సిస్టం', 'న్యూ ఫోల్డర్ 14', 'ముట్టుకోవద్దు'. ఇదే అదను, అంతా సర్దేద్దామని కూర్చున్నా. పెండ్లి పత్రికలు ఒకచోట, ఫొటోలన్నీ ఒకచోట పెడుతుంటే నాయన చూసి అన్నం తినకుండా లేచిపోయినాడు. విండోస్ డాట్ ఓల్డ్ అని ఒక ఫోల్డర్ ఉంది, తీసేస్తే జాగా వస్తుందంటున్నారు. తీసేయొచ్చా? పాతవన్నీ యూనికోడ్‌లోకి మార్చాల్నా? యాడ మొదలుపెట్టాల?
పేరు వేయొద్దు, కడప

జవాబు: చెల్లెమ్మా, ఆ ఫోల్డర్ తీసేయొద్దు. మీరు వెతుకుతున్న డెస్క్‌టాప్ అందులోనే ఉంది.

ఆరు రోజులైందన్నారు కాబట్టి ఈ ఒక్క ముక్క మీకు ముందే విడిగా రాసి పంపాను. ఇది అచ్చయి మీ చేతికొచ్చేదాకా ఆగితే ఆ ఫోల్డర్ ఉంటుందన్న నమ్మకం లేదు. కొత్త విండోస్ వేశాక సాధారణంగా పది రోజులకు అది తనంతట తానే చెరిపేసుకుంటుంది. అడగదు, చెప్పదు. అందుకే ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతావాళ్ల కోసం మళ్లీ మొదటినుంచి చెబుతాను.

విండోస్ 11 వేయడానికి రెండు దారులున్నాయి. నడుస్తున్న విండోస్ 10 మీదే అప్‌గ్రేడ్ చేస్తే ఫైళ్లు, చాలామటుకు ప్రోగ్రాములు ఎక్కడివక్కడే ఉంటాయి. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఫార్మాట్ కొట్టకుండా అదే సీ డ్రైవ్‌లో వేస్తే మాత్రం పాత విండోస్ మొత్తాన్ని మూటగట్టి విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో పడేసి, పక్కన కొత్త సంసారం మొదలుపెడుతుంది. మీ పిల్లోడు చేసింది రెండోది. అతను అబద్ధం చెప్పలేదు, నిజంగానే ఏమీ పోలేదు. కానీ మూట ఎక్కడుందో, ఎన్నాళ్లుంటుందో చెప్పకుండా పోయాడు. సీ డ్రైవ్ ఎర్రబడింది కూడా అందుకే. ఒకే ఇంట్లో ఇద్దరు అద్దెకున్నట్టు, పాత విండోస్, కొత్త విండోస్ రెండూ అక్కడే ఉన్నాయి.

మూట విప్పడం కష్టం కాదు. విండోస్ డాట్ ఓల్డ్ తెరిస్తే యూజర్స్ కనిపిస్తుంది, అందులో పాత లాగిన్ పేరుతో ఒక ఫోల్డర్, దాని కింద డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్. 'మీకు అనుమతి లేదు' అని అడ్డుపడితే కంటిన్యూ నొక్కండి, కాసేపటికి తెరుచుకుంటుంది. ఆ నాలుగింటినీ డీ డ్రైవ్‌లోకి, వీలైతే బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. కట్ చేయొద్దు. కట్ కొట్టి పేస్ట్ చేస్తున్నప్పుడు మధ్యలో కరెంటు పోతే ఏది అటు చేరిందో ఏది ఇటు మిగిలిందో లెక్క తేలదు. మన ఊళ్ల ఎండాకాలం కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా.

ఇక ఆ మూటలో మీకు డెస్క్‌టాప్ కన్నా విలువైనది ఇంకొకటుంది. మీరు దాన్ని అడగలేదు, ఎవరూ అడగరు. విండోస్ డాట్ ఓల్డ్ లోపల విండోస్ అని ఒకటి, దాంట్లో ఫాంట్స్ అని ఒకటి ఉంటాయి. మీ నాయన ఇన్నేళ్లుగా వాడిన 'అను' అనే పేరున్న తెలుగు ఫాంట్లన్నీ అక్కడున్నాయి. మీ ఫైళ్లు పిచ్చి గీతలుగా కనిపిస్తున్నది ఫైళ్లు చెడిపోయి కాదు, ఈ ఫాంట్లు కొత్త విండోస్‌కు తెలియక.

దీని వెనక కథ కొంచెం చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు వాటి సొంత సంఖ్యలున్నాయి. 'క' అంటే 3093. ఏ కంప్యూటర్‌లో తెరిచినా 3093 అంటే 'క' తప్ప ఇంకోటి కాదు. యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరినా, విండోస్‌కు తెలుగు సరిగా వచ్చింది 2001లో ఎక్స్‌పీతోనే. అప్పటిదాకా పత్రికలు, ప్రెస్సులు, డీటీపీ అంగళ్లు ఆగలేవు కదా. అందుకని ఇంగ్లీషు, యూరప్ భాషల అక్షరాలుండే గళ్లలోనే తెలుగు ముక్కలు కూర్చారు. తలకట్టు ఒక గడిలో, గుడి ఇంకో గడిలో, వత్తు మరో గడిలో. మీ నాయన 'కడప' అని కొట్టి ఉంటారు, తెర మీద కడప అనే కనిపించి ఉంటుంది. కంప్యూటర్ దృష్టిలో మాత్రం అవి నాలుగైదు ఇంగ్లీషు గుర్తులు. ఆ ఫాంటు తొడిగితే కడప, తీసేస్తే గీతలు.

కాబట్టి ఆ ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ డీ డ్రైవ్‌లో వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. అందులోంచి అను ఫాంట్లు మాత్రమే ఏరి కొత్త విండోస్‌లో ఇన్‌స్టాల్ చేయండి. కుడి మౌస్ నొక్కినప్పుడు 'ఇన్‌స్టాల్' అని, 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' అని రెండు వస్తాయి. రెండోది నొక్కండి. మొదటిది నొక్కితే ఫాంటు మీ లాగిన్‌కు మాత్రమే చేరుతుంది, కొన్ని పాత ప్రోగ్రాములు దాన్ని చూడలేవు. ఫాంటు వేసినంత మాత్రాన టైపింగ్ రాదన్నది గుర్తుంచుకోండి. టైపింగ్‌కు అను స్క్రిప్ట్ మేనేజర్ అనే ప్రోగ్రాం మళ్లీ వేయాలి, మీ చేతికి అలవాటైన కీబోర్డు అందులో ఎంచుకోవాలి. కొన్నప్పటి సీడీ, దాని కాగితాలు నాయన ఎక్కడో దాచే ఉంటారు. ఆయన్ని అడగండి. అలిగిన మనిషిని పలకరించడానికి అదొక సాకు కూడా.

వర్డ్‌లో గౌతమి ఫాంటుతోనో, వాణి ఫాంటుతోనో చేసిన యూనికోడ్ ఫైళ్లు కొన్ని ఉండొచ్చు. అవి చదవడానికి వస్తాయి గానీ అక్షరం రూపు మారి, పేజీ లెక్క తప్పి కనిపిస్తాయి. ఆ రెండు ఫాంట్లూ ఇప్పుడు విండోస్‌తో పాటు నేరుగా రావు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అని వెతికి, తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అన్నదాన్ని చేర్చుకుంటే నెట్ నుంచి దిగుతాయి. రెండు నిమిషాల పని.

ఇప్పుడు మీ సర్దుడు సంగతి. చెల్లెమ్మా, అన్నం ముందు నుంచి లేచిపోయారన్నారే, మీ నాయన కోపంలో న్యాయముంది.

ప్రొద్దుటూరులో నేను డీటీపీ చేసే రోజుల్లో ఒక పాఠశాల స్వర్ణోత్సవ సంచిక చేశాను. తొంభై ఆరు పేజీలు, నూటికి పైగా ఫొటోలు. పేజీలు కూర్చే ప్రోగ్రాం పేజ్‌మేకర్‌లో అంతా కూర్చి, ప్రూఫులు దిద్ది, రేపు ప్రింటుకు పంపాలనగా నాకు సర్దే బుద్ధి పుట్టింది. ఫొటోలన్నీ చిందరవందరగా ఉన్నాయని, ఉపాధ్యాయులవి ఒక ఫోల్డర్, పూర్వ విద్యార్థులవి ఒకటి, భవనాలవి ఒకటి చేసి ముచ్చటగా పేర్లు పెట్టాను. తెర మీద పేజీలన్నీ మామూలుగానే కనిపించాయి. అచ్చయి వచ్చాక చూస్తే ఫొటోలు గళ్లుగళ్లు. పాపం వ్యవస్థాపకుల ముఖం ఏదో గోడకు అంటించిన నాపరాళ్లలా ఉంది. ఎవర్నీ అనడానికి లేదు, తప్పంతా నాదే.

ఎందుకలా అయిందంటే, పేజ్‌మేకర్ పెద్ద ఫొటోను తన కడుపులో పెట్టుకోదు. ఫలానా డ్రైవ్‌లో, ఫలానా ఫోల్డర్‌లో, ఫలానా పేరుతో ఉందని దారి మాత్రం రాసుకుంటుంది. తెర మీద చూపడానికి ఒక చిన్న నమూనా ఉంచుకుంటుంది. ప్రింటు కొట్టేటప్పుడు అసలు ఫొటో కోసం ఆ దారిన పోయి, అది లేకపోతే ఆ నమూనానే అచ్చేస్తుంది. మీరు 'ఫొటోలన్నీ ఒకచోట' అని మొదలుపెట్టారే, అక్కడే దారులు తెగుతాయి. పెన్‌డ్రైవ్ పెట్టి విండోస్ వేసినప్పుడు ఒక్కోసారి డీ డ్రైవ్ కాస్తా 'ఈ' (E) డ్రైవ్ అయి కూర్చుంటుంది, అప్పుడూ ఇంతే. అలా అయితే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అక్షరం మళ్లీ డీ అని మార్చండి, సగం బాధ తీరుతుంది.

మీరు ఎంతవరకు సర్దారో రాయలేదు. జరిపిన ఫొటోలు ఏవో గుర్తుంటే వెనక్కి పెట్టండి. గుర్తు లేకపోతే, ఒక ఉపాయముంది. పేజ్‌మేకర్ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో అదే ఫోల్డర్‌లోకి ఫొటోను కాపీ చేయండి. దారి దొరకనప్పుడు అది తన పక్కన కూడా వెతుకుతుంది. ఇంతకంటే మంచి మార్గం, మీ విండోస్ 7 సిస్టంలో ఫైలు తెరిచి, సేవ్ ఆజ్ కొట్టి, కాపీ అన్నచోట 'ఆల్ లింక్డ్ ఫైల్స్' ఎంచుకోవడం. పత్రికతో పాటు దానికి చేరిన బొమ్మలన్నీ ఒకే ఫోల్డర్‌లోకి వచ్చిపడతాయి.

దీన్నిబట్టి మీరు ఫైళ్లను రకాన్నిబట్టి సర్దకూడదని తేలింది కదా. పనినిబట్టి సర్దాలి. ఒక పెండ్లి పత్రిక అంటే దాని పేజ్‌మేకర్ ఫైలు, దాని వినాయకుడి బొమ్మ, బొమ్మలు గీసే కోరల్ డ్రాలో చేసిన దాని బార్డరు, చివరగా ఇచ్చిన పీడీఎఫ్, అన్నీ ఒకే ఫోల్డర్. ఆ వినాయకుడే ఇంకో నూరు పత్రికల్లో ఉంటే ఉండనివ్వండి. నకళ్లు ఎక్కువయ్యాయని బాధపడే వయసు హార్డ్ డిస్కులకు దాటిపోయింది.

ఇంకో మాట, ఇది నా అభిప్రాయమే. పాతవన్నీ సర్దాల్సిన అవసరం లేదు. ఇరవై ఏండ్ల పనిని నాలుగు ఆదివారాల్లో సర్దుతానని కూర్చున్న వాళ్లను చాలామందిని చూశాను. రెండో ఆదివారానికి విసుగొచ్చి, సగం కొత్త పద్ధతిలో, సగం పాత పద్ధతిలో వదిలేస్తారు. అంతకుముందు మీ నాయనకైనా దొరికేవి, ఇప్పుడు ఎవరికీ దొరకవు. అందుకని డీ డ్రైవ్‌లో ఉన్నదాన్నంతా ఉన్నదున్నట్టు ఒకే ఫోల్డర్ కిందికి చేర్చి, దానికి 'నాయన' అని పేరు పెట్టి, ముట్టుకోకండి. ముందు బయటి డిస్క్‌లోకి ఒక నకలు తీయండి, తర్వాతే ఈ చేర్చుడు. చేర్చినందుకు ఫొటోల దారులు మారతాయి నిజమే, పక్క పక్కనే ఉన్న ఫైళ్లకు ఏమీ కాదు, మిగతావి తెరిచినప్పుడు చూసుకోవచ్చు. ఇకనుంచి వచ్చే కొత్త పనులు కొత్త పద్ధతిలో పెట్టుకోండి. పాతదాంట్లోంచి ఎవరైనా ఏదైనా అడిగినప్పుడు, ఆ ఒక్క పనిని వెతికి, తెరిచి, బాగుచేసి, కొత్త వైపుకు కాపీ చేయండి. ఏడాది తిరిగేసరికి అడిగేవన్నీ అవే కొత్త వైపుకు వచ్చేస్తాయి. రానివి ఎవరికీ అక్కర్లేనివి.

కాపీ చేస్తుంటే మధ్యలో 'దారి మరీ పొడవుగా ఉంది' అని ఆగిపోయే ఫైళ్లు తగులుతాయి, మీ 'పాత సిస్టం లోపలి పాత సిస్టం' వర్ణన చూస్తే తప్పకుండా తగులుతాయి. డ్రైవ్ పేరు మొదలుకొని ఫైలు పేరు దాకా మొత్తం 260 అక్షరాలు దాటితే విండోస్ తడబడుతుంది. లోపలి ఫోల్డర్‌ను నేరుగా డీ డ్రైవ్ మొదట్లోకి లాగి, పేరు 'పా2' అని చిన్నది చేస్తే సర్దుకుంటుంది.

కొత్త పనులకు పేరు ఎలా పెట్టాలి? ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ అంగడి మొత్తం దీనిమీదే నడుస్తుంది. అను ఫాంటులో కొట్టిన మ్యాటర్‌లో 'వేంపల్లె' అని వెతికితే విండోస్‌కు దొరకదు, ఎందుకో పైన చెప్పాను. అంటే ఫైలు లోపల వెతికే దారి మీకు మూసుకుపోయినట్టే. మిగిలింది ఫైలు పేరొక్కటే. కాబట్టి పేరులోనే అన్నీ ఉండాలి. మొదట సంవత్సరం, తర్వాత నెల, తర్వాత ఊరు, ఇంటిపేరు, పని. ఫోల్డరు పేరు '2024-02' అని మొదలైతే అన్నీ వాటంతట అవే ఏడాది వరుసలో నిలబడతాయి. నెల ముందు, సంవత్సరం తర్వాత రాస్తే ఫిబ్రవరులన్నీ ఒకచోట గుమిగూడతాయి. తేదీలో ఏటవాలు గీత పెట్టడానికి విండోస్ ఒప్పుకోదు, అడ్డగీతే పెట్టాలి.

ఈ పేర్లు తెలుగు లిపిలో పెట్టుకోవాలని మీకు ముచ్చటగా ఉండొచ్చు, నాకూ ఉంటుంది. పేజ్‌మేకర్ పనులకు మాత్రం వద్దు. యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రాములు తెలుగు పేరున్న ఫోల్డర్‌ను చూసి ప్రశ్నార్థకాలు పెట్టి కూర్చుంటాయి. రష్యన్‌కో, అరబ్బీకో అయితే విండోస్‌లో ఏ సంఖ్యకు ఏ అక్షరమో చెప్పే పాత పద్ధతి పట్టిక, కోడ్‌పేజీ అంటారు, ఒకటుంది, దాంతో సర్దుకోవచ్చు. తెలుగుకు అది ఎప్పుడూ ఇవ్వలేదు. కాబట్టి ఊరి పేరు, ఇంటిపేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి, ఒక్కటే పట్టింపు పెట్టుకోండి. ఒకసారి ఒక ఊరికి ఏ స్పెల్లింగు వాడితే ఎప్పుడూ అదే. మన ఊరి పేరునే ఇంగ్లీషులో రెండు రకాలుగా రాసిన తరాలు మనవి. బల్ల అద్దం కింద ఊళ్ల పేర్ల చీటీ ఒకటి పెట్టుకుంటే చాలు.

పాత ఫైళ్లు ఏ ఏటివో తెలుసుకోవడానికి 'డేట్ క్రియేటెడ్' చూడకండి. అది మీరు కాపీ చేసిన రోజును చూపిస్తుంది. 'డేట్ మాడిఫైడ్' ఎన్నిసార్లు కాపీ చేసినా మారదు, నాయన ఆఖరిసారి సేవ్ కొట్టిన రోజే ఉంటుంది. ఫోల్డర్‌ను డీటెయిల్స్ పద్ధతిలో తెరిచి, ఆ గడి మీద నొక్కితే ఏండ్ల వరుసలో నిలబడతాయి. వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ కూడా ఆన్ చేయండి. పీఎండీ అని ఉంటే పేజ్‌మేకర్ 7, పీ65 అని ఉంటే 6.5, సీడీఆర్ అంటే కోరల్. ఫోల్డర్ బొమ్మ ఉండి చివర ఈఎక్స్‌ఈ అని కనిపిస్తే అది ఎవరి పెన్‌డ్రైవ్‌లోంచో వచ్చిన వైరస్. తెరవకుండా, విండోస్‌లో ఉన్న యాంటీవైరస్‌తో డీ డ్రైవ్ మొత్తం ఒకసారి గాలించండి. జిరాక్స్ అంగట్లో ఇవి లేకుండా ఉండవు.

పాత పనుల్లో ఏవి మళ్లీ అడుగుతారో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. పెండ్లి పత్రికలు అడుగుతారు. అక్క పెండ్లి చేసిన ఇల్లే మూడేండ్లకు చెల్లెలి పెండ్లికి వస్తుంది, 'అప్పటిదే తీయమ్మా, పేర్లు మారిస్తే చాలు' అంటుంది. ఏటేటా వచ్చేవి అడుగుతారు. అమీన్‌పీర్ దర్గా ఉరుసు, దేవుని కడప బ్రహ్మోత్సవాలు, ఒంటిమిట్ట కల్యాణం, వాటి అన్నదానం కరపత్రాలు, ఫ్లెక్సీలు. వీటికి ఆఖరి ఏటిది ఉంటే చాలు. పాతది తీసి పేర్లు మార్చేటప్పుడు మాత్రం కింద చిరునామా చూడండి. 2022 ఏప్రిల్‌లో రాయచోటి అన్నమయ్య జిల్లాలోకి పోయింది. అంతకుముందు చేసిన రాయచోటి పత్రికల మీద కడప జిల్లా అనో, వైఎస్సార్ జిల్లా అనో ఉంటుంది. ముహూర్తం సరిగ్గా ఉండి జిల్లా తప్పుపడితే పెండ్లివాళ్లు ఊరుకోరు. బిల్ బుక్కుల్లో 2017 జూలైకి ముందువి పక్కన పడేయండి, వాటి మీద పాత వ్యాట్ పన్ను టిన్ నంబర్లుంటాయి, జీఎస్‌టీ వచ్చాక అవి దేనికీ పనికిరావు.

పక్కన పడేయడం కాదు, పూర్తిగా తీసేయాల్సినవి వేరే ఉన్నాయి. ఈ విషయంలో నేను మెత్తగా ఉండను. మీ డౌన్‌లోడ్స్‌లో, డెస్క్‌టాప్ మీద ఊరందరి ఆధార్లు, పాన్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకాల మొదటి పేజీలు పడి ఉంటాయి. స్కాన్ చేసినవి, వాట్సాప్‌లో పంపినవి, 'రేపు మళ్లీ వస్తాను ఉంచమ్మా' అన్నవి. ఉద్యోగాల బయోడేటాలు, బడి పరీక్ష పేపర్లు కూడా. ఇవి మీవి కావు. ప్రింటు ఇచ్చాక వాటిని ఉంచుకునే హక్కు అంగడికి లేదు, ఎవరి చేతిలోనైనా పడితే నష్టం వాళ్లకు, మాట మీకు. మూటలోంచి డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ కాపీ చేసుకున్నాక మొదట చేయాల్సిన శుభ్రం ఇదే. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి. ఇకమీదట రోజూ అంగడి మూసే ముందు ఆ రెండు ఫోల్డర్లు ఊడ్చేయండి, వాకిలి ఊడ్చినట్టే.

ఫాంట్లు, ఫైళ్లు అన్నీ బయటికి వచ్చాయని, నాలుగైదు పత్రికలు తెరిచి ప్రింటు తీసి చూశాక, అప్పుడు విండోస్ డాట్ ఓల్డ్ తీయవచ్చు. మామూలుగా డిలీట్ నొక్కితే సరిగా పోదు. సెట్టింగ్స్‌లో సిస్టం, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ అని పోతే 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్' కనిపిస్తుంది, దానికి టిక్ పెట్టండి. అదే జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది, చూసుకోకుండా దానికీ టిక్ పెడితే ఉన్నవన్నీ పోతాయి.

వన్‌డ్రైవ్ గురించి ఒక్క మాట. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే అది డెస్క్‌టాప్‌ను, డాక్యుమెంట్స్‌ను తన ఫోల్డర్‌లోకి మార్చుకోవడం మామూలు. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, మీ అంగడికి అది వారం రోజులకు చాలదు. పైగా ఫోల్డర్ చోటు మారినందుకు మళ్లీ ఫొటోల దారులు తెగుతాయి. వన్‌డ్రైవ్ సెట్టింగుల్లో బ్యాకప్ ఆపేయండి. పనులు ఎప్పుడూ డెస్క్‌టాప్ మీద కాకుండా డీ డ్రైవ్‌లో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు, ఈసారి ఇంత కంగారు కూడా ఉండేది కాదు.

ఇక పేజ్‌మేకర్. అది 7.0తో ఆగిపోయింది, కొత్తది రాదు. విండోస్ 11లో కొన్నిచోట్ల నడుస్తోంది, కొన్నిచోట్ల మొండికేస్తోంది. మీకు ఆ బాధ ఎందుకు? విండోస్ 7 సిస్టం ఉంది కదా. దాన్ని పేజ్‌మేకర్ యంత్రంగా ఉంచుకోండి. దానికి 2020 జనవరి నుంచి భద్రతా అప్‌డేట్లు లేవు, కాబట్టి నెట్ వైరు పీకేయండి, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు అందులో పెట్టనివ్వొద్దు. పాత పని ఏది తెరిచినా మూసే ముందు పీడీఎఫ్ తీసి పెట్టుకోండి. పీడీఎఫ్‌లో ఫాంటు కూడా లోపలికి చేరిపోతుంది, ఆ తర్వాత ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. విండోస్ 11లో ప్రింటర్ల వరుసలో 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' ఉంటుంది. విండోస్ 7లో అది లేదు, క్యూట్ పీడీఎఫ్ లాంటిది ఒకటి వేసుకోవాలి.

అన్నీ యూనికోడ్‌లోకి మార్చాలా అని అడిగారు. వద్దు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలున్నాయి, పని చేస్తాయి, కానీ వత్తుల దగ్గర, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గర జారతాయి. మార్చిన ప్రతి పేజీని మళ్లీ ప్రూఫు చూడాల్సిందే. పెండ్లికొడుకు పేరులో వత్తు ఎగిరిపోతే మీకు తెలుసు కదా. మళ్లీ మళ్లీ వాడే మ్యాటర్ మాత్రం మార్చుకోండి, శుభలేఖ మొదట్లో వేసే శ్లోకం, కర్మ పత్రికల నమూనా, స్థల ఒప్పందం నమూనా లాంటివి. కొత్తగా కొట్టేవి వీలైనన్ని యూనికోడ్‌లోనే కొట్టండి. పదేండ్ల తర్వాత వెతికితే దొరికేవి అవే.

మీ ఊళ్లోనే ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది, ఎన్నిసార్లు పోయారో తెలియదు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ చేసింది ఒకరకంగా ఇదే పని. ఒకే కావ్యానికి ఊరికో తాళపత్ర ప్రతి, ఒక్కోదాంట్లో ఒక్కో పాఠం. ఆయన పండితుల్ని కూర్చోబెట్టి, ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి, పోల్చి, శుభ్రమైన ప్రతి రాయించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయింది అలాగే. సాఫు ప్రతి వచ్చింది కదా అని పాతవాటిని పొయ్యిలో వేయలేదు. ఆయన పోగుచేసిన వాటిలో చాలా మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. మీ దగ్గర ఒకే పత్రిక 'ఫైనల్', 'ఫైనల్ 2', 'ఆఖరు ఫైనల్' అని మూడుంటే, పరిమాణం, మాడిఫైడ్ తేదీ రెండూ ఒకటే అయితేనే ఒకదాన్ని తీయండి. తేడా ఉంటే మూడూ ఉంచండి. ప్రూఫులో దిద్దిన గోత్రం ఏ ఫైనల్‌లో ఉందో మీకు తెలియదు.

బయటి హార్డ్ డిస్క్ ఒకటి కొని, నెలకోసారి డీ డ్రైవ్ అంతా దాంట్లోకి కాపీ చేసి ఇంట్లో పెట్టండి, అంగట్లో కాదు. పెన్‌డ్రైవ్ మోయడానికే గానీ దాయడానికి కాదు. నాయన బీరువాలో సీడీలు, డీవీడీలు కట్టలు కట్టలుగా ఉంటాయి, ఎండలు ముదిరేలోపే వాటిలో ఉన్నవి ఆ డిస్క్‌లోకి దించేయండి. రేకుల కప్పు కింద ఏండ్ల తరబడి ఉన్న సీడీల పూత పొట్టులా లేచిపోవడం నేను చూశాను.

చివరిగా ఆ 'ముట్టుకోవద్దు' ఫోల్డర్. మీకు అది చెత్తగా కనిపిస్తోంది, ఆయనకు అదే పట్టిక. ఏ ఊరి పత్రిక 'న్యూ ఫోల్డర్ 14'లో ఉందో ఈరోజుకీ ఆయనకు తెలుసు, ఆయన ఒక్కరికే తెలుసు. కళ్లు సరిగా కనబడకపోయినా నోటితో చెప్పగలరు. సాయంత్రం గిరాకీ తగ్గాక ఒక అరగంట కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు ఒక్కో ఫోల్డర్ పేరు చదవండి, అది ఎవరిదో, ఏ ఊరిదో, ఏ ఏటిదో ఆయన చెబుతారు. ఫోల్డర్ పేరు మార్చొద్దు, ఆయన చెప్పింది ఒక ఎక్సెల్ షీటులో పక్కన రాసుకోండి. ఎక్సెల్‌లో తెలుగులోనే రాయొచ్చు, యూనికోడ్‌లో, వెతికితే దొరుకుతుంది. మొదటి రోజు 'ముట్టుకోవద్దు'తోనే మొదలుపెట్టండి, అందులో ఏముందో నాకూ రాయండి.